గాడి చూసి మోసపోకండి, టైరు పుట్టిన తేదీ అడగండి

పోయిన మే నెలలో ఓ మధ్యాహ్నం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఉయ్యూరు దాటాక టైరు పేలింది. ఎవరికీ ఏం కాలేదులే" అన్నాడు. ఏం కాలేదంటూనే వాడి గొంతు వణుకుతోంది.

వాడిది ఎల్లో ప్లేట్ కారు. ఆ రోజు చల్లపల్లి నుంచి ఓ పెద్దావిడని విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్తున్నాడు. వెనక సీట్లో ఆమె కూతురు, చంటిపిల్ల. ముందు ఎడమ టైరు పేలగానే బండి పక్కకి లాగేసి, రోడ్డు దిగి మట్టిలో ఆగింది. వాడు కంగారుపడి బ్రేకు మీద నిలబడకుండా స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు కాబట్టి బతికిపోయారు. అదే అవనిగడ్డ కరకట్ట మీదో, మనూళ్ల కాలవ గట్టు మీదో అయ్యుంటే? మన డెల్టాలో రోడ్డుకి ఓ పక్క పొలం, ఇంకో పక్క నీళ్లు. పక్కకి లాగిన బండికి రెండో అవకాశం ఉండదు.

సాయంత్రం వెళ్లి ఆ టైరు చూశాను. రెండు నెలల కిందటే జతకి రెండు వేలు పెట్టి సెకండ్ హ్యాండ్‌లో వేయించాడంట. "గాడి సగానికి పైనే ఉంది మావయ్యా, నల్లగా నిగనిగలాడుతుంటే మంచిదే అనుకున్నా" అన్నాడు. నిజమే, గాడి ఉంది. మట్టి తుడిచి పక్కన చూస్తే చిన్న గడిలో నాలుగు అంకెలు: 1114. అంటే 2014లో పదకొండో వారంలో తయారైన టైరు. పదేళ్లు దాటిపోయిన ముసలి టైరుకి నల్ల పాలిష్ కొట్టి మావాడికి అంటగట్టారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ నాలుగు అంకెల గురించే ఇవాళ చెప్తా.

మనకి టైరంటే గాడి ఒక్కటే. గుండైతే మార్చాలి, గాడి ఉంటే నడపొచ్చు. ఇది సగం నిజం. టైరు రెండు రకాలుగా చస్తుంది. ఒకటి, రోడ్డు మీద అరిగి. రెండోది, నడిచినా నడవకపోయినా వయసు మీద పడి. మొదటిది కంటికి కనపడుతుంది. రెండోది లోపల జరుగుతుంది.

టైరులో రబ్బరు ఒక్కటే ఉండదు. లోపల దారాల పొరలు, వాటి మీద ఉక్కు తీగల పట్టీలు, వాటన్నిటినీ పట్టుకుని రబ్బరు. గాలిలో ఉండే ఆక్సిజన్, ఎండ, వేడి కలిసి ఏళ్ల తరబడి ఆ రబ్బరుని గట్టిపరుస్తాయి. సాగే గుణం పోతుంది, సన్న పగుళ్లొస్తాయి, ఉక్కు పట్టీకీ రబ్బరుకీ మధ్య పట్టు సడలుతుంది. అప్పుడు హైవే మీద స్పీడూ వేడీ కలిసేసరికి పైపొర ఊడొస్తుంది, లేదంటే టైరు పేలుతుంది. మే నెలలో మన బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అసలే వేడి ప్రాంతంలో టైరు తొందరగా ముసలిదవుతుంది.

ఇంకో మాట. "మా కారు పెద్దగా తిరగదండీ, పెళ్లిళ్లకీ పండగలకీ తీస్తాం, టైర్లు కొత్తగానే ఉన్నాయి" అంటారు కొందరు. పగుళ్లు రాకుండా టైరు రబ్బరులో మైనంలాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరిగి, వంగి, సాగితేనే అవి పైకొచ్చి పొరలా కాపాడతాయి. వేపచెట్టు కింద నెలల తరబడి నిలబెట్టిన బండికి ఆ కాపుదల ఉండదు. అరగని టైరు కుర్ర టైరని కాదు.

మరి ఎప్పుడు మార్చాలి?

ముందు తేదీ చదవండి. టైరు పక్కన డి.ఓ.టి. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరస వెతకండి. దాని చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. కొన్ని టైర్లకి ఇది ఒక పక్కనే ఉంటుంది, ఆ పక్క లోపలికి తిరిగి ఉండొచ్చు. బండి కింద ఫోన్ పెట్టి ఫొటో తీస్తే సరి. మూడే అంకెలుంటే అది 2000కి ముందు టైరు, దాన్ని ముట్టుకోకండి.

అయిదేళ్ల లోపైతే గాడి, గాలి, దెబ్బలు చూసుకుంటే చాలు. అయిదేళ్లు నిండాక ఏడాదికోసారి టైరు విప్పించి, లోపలా బయటా తెలిసినోళ్లతో చూపించండి. ఆరేళ్లకి గాడి ఎంతున్నా మార్చేయమని చాలా కార్ల కంపెనీలు చెప్తున్నాయి. ఎండలో, ఫుల్లు లోడుతో, హైవే మీద తిరిగే అద్దె కారుకి నేనూ ఆరే అంటాను. పదేళ్లు దాటితే ఇంక మాటల్లేవు, టైర్ల కంపెనీలే వద్దంటున్నాయి. డిక్కీలో స్టెప్నీకీ ఇదే లెక్క. దాన్ని ఒక్కసారీ వాడకపోయినా దాని వయసు ఆగదు.

వయసుతో పని లేకుండా వెంటనే మార్చాల్సినవీ ఉన్నాయి. గాడుల మధ్యలో చిన్న దిమ్మెలుంటాయి. పైభాగం అరిగి వాటితో సమానమైతే గాడి 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు. అంతకంటే తగ్గితే కారు నడపకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెప్తున్నాయి. వానాకాలంలో అంతవరకూ ఆగడం కూడా మంచిది కాదు. నీళ్లని పక్కకి నెట్టేది ఆ గాడే. పక్కన బుడగ లేచినా, తీగలు కనపడినా, పగులు లోతుగా దిగినా ఇంక ఆలోచించొద్దు. పక్కభాగంలో పంక్చరైతే అతుకు పనికిరాదు.

ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించుకోవాలని ఓ మాట మన ఊళ్లలో తిరుగుతుంటుంది. అది తప్పు. గాలి తగ్గితే టైరు పక్కలు ఎక్కువగా వంగి, ఇంకా వేడెక్కుతాయి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంత గాలి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి.

ఇదంతా చదివి "మన దగ్గర డబ్బులేవి అన్నా?" అంటారని తెలుసు. చిన్న కారుకి కొత్త టైరు ఒక్కోటీ మూడు నాలుగు వేలు. ఈఎంఐ కట్టుకుంటూ, డీజిలు కొట్టించుకుంటూ బండి నడిపే కుర్రాడికి నాలుగు టైర్లంటే నెల సంపాదన. అందుకే పట్నంలో ఉన్నోళ్లు పారేసిన టైరు పాలిష్ కొట్టించుకుని పల్లెటూరి బండి కిందకొస్తుంది. పేలితే మాత్రం "డ్రైవర్ నిర్లక్ష్యం" అని రాసేస్తారు. అమ్మినోడి పేరు ఎక్కడా ఉండదు.

ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. 2012 సెప్టెంబరులో ఓ సంగీతోత్సవం నుంచి కుర్రాళ్లని తీసుకొస్తున్న బస్సు ముందు టైరు పేలి చెట్టుని గుద్దింది. ముగ్గురు చనిపోయారు. వాళ్లలో మైఖేల్ మొలాయ్‌కి 18 ఏళ్లు. ఆ టైరుకి పంతొమ్మిదిన్నర. కుర్రాడికంటే టైరు పెద్దది! అప్పటికి అక్కడి చట్టం టైరు వయసుకి హద్దు పెట్టలేదు. అతని తల్లి ఫ్రాన్సెస్ మొలాయ్ ఏళ్ల తరబడి పోరాడింది. 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలకీ బస్సులకీ ముందు చక్రాలకి పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదని అక్కడ చట్టం వచ్చింది.

మన నిబంధన గాడి లోతు కొలుస్తోంది గానీ పుట్టిన తేదీ అడగడం లేదు. ఫిట్‌నెస్‌కి వెళ్లిన ప్రతి బండికీ అయిదు టైర్ల తేదీలూ రాయాలి. టైరు అమ్మిన ప్రతి షాపూ, సెకండ్ హ్యాండ్ అయినా సరే, బిల్లు మీద ఆ నాలుగు అంకెలు వెయ్యాలి. ఇది మనం అడగాల్సిన మాట.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. డబ్బు తీసే ముందు తేదీ చూడండి. కొత్త టైరంటూ పాత తేదీది ఇస్తే వద్దనండి. బిల్లు అడగండి, మోసం చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కొట్టండి. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు పెయింటు, ఏసీ చూసినట్టే అయిదు టైర్ల తేదీలూ ఫొటో తీయండి. నాలుగూ ఒకేసారి కొనలేకపోతే ముసలివి ముందు తీసేసి, ఈ సీజన్ రెండు, వచ్చే సీజన్ రెండు కొనండి. కొత్త జతని వెనక వెయ్యమంటున్నాయి టైర్ల కంపెనీలు. వానలో వెనక చక్రాలు జారితే బండిని అదుపు చెయ్యడం చాలా కష్టం.

మా మేనల్లుడు అప్పు చేసి నాలుగూ మార్చాడు. మొన్న కలిస్తే బండి తాళం కంటే ముందు ఫోన్లో టైర్ల ఫొటోలు చూపించాడు. మీరు కూడా ఇవాళ సాయంత్రం ఇంటి ముందున్న బండి దగ్గర ఓసారి వంగి చూడండి. ఆ బండిలో ఎక్కేది మీ అమ్మే.