శివరాత్రికి పూసే చలిపూలు

చలిదేశాల్లో కొన్ని ఏడాది పూలమొక్కల విత్తనాలను ఆకురాలే కాలంలోనే చల్లేస్తారు. లేతమొక్క మంచును ఓర్చుకుని వేరు దించుకుంటుంది, వసంతం రాగానే ముందుగా పూస్తుంది. మన శ్రీకాళహస్తిలో మంచు భయం లేదు. భయమంతా అక్టోబరు, నవంబరు వానలతోనే. అవి పూర్తిగా వెలిసేదాకా ఆగి డిసెంబరు చివర విత్తనం వేశామా, పూత సమయానికి మార్చి ఎండ వచ్చి కూర్చుంటుంది!

అందుకని దీపావళి నాటికే, జల్లు కొట్టని వసారాలో, అడుగున చిల్లులున్న వెడల్పాటి తొట్టిలో నారు పోసుకోండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లు చాలు. పెటూనియా విత్తనం నలుసంత ఉంటుంది. పొడి ఇసుకలో కలిపి చల్లాలి, పైన మట్టి కప్పకూడదు. ఫ్లాక్సు అట్లా కాదు, పల్చగా కప్పాలి. చెంబుతో నీళ్లు పోస్తే విత్తనాలన్నీ ఒక మూలకు చేరతాయి, చేత్తో చిలకరించండి. నారు ఒత్తుగా ఉండి తడి ఆరకపోతే మొదలు కుళ్లి ఒక్క రాత్రిలో వాలిపోతుంది. జాలిపడకుండా పీకి పల్చన చెయ్యాలి. పాపం అనుకుంటే అన్నీ పోతాయి.

నాలుగైదు ఆకులొచ్చాక, వాన తెరిపిచ్చిన సాయంత్రం చూసి మిద్దెమీది కుండీల్లోకి మార్చండి. బెత్తెడు ఎదిగాక కొన గిల్లితే పక్కకొమ్మలు వేస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ఫ్లాక్సే చెబుతాను. టెక్సాసు మొక్క కదా, ఎండకు తొందరగా బెదరదు. పెటూనియా కాస్త గారాబం. బంతికి చలితో పనిలేదు గానీ, సంక్రాంతి గుమ్మానికి కావాలంటే అక్టోబరులోనే వెయ్యాలి.

వాడిన పూలను ఎప్పటికప్పుడు తుంచండి, శివరాత్రి దాటినా పూస్తాయి. చివర్లో రెండుమూడు మాత్రం విత్తనానికి వదలండి.