రాజు చేతులు జోడించిన చోట

తిరుత్తణికి వెళ్లేవాళ్ల చూపంతా కొండ మీదే ఉంటుంది. కావడి భుజానికెత్తుకుని 365 మెట్లూ ఎక్కి, సుబ్రహ్మణ్యస్వామిని కళ్లారా చూసుకుని, దిగి బస్సెక్కేస్తారు. ఊళ్లో ఉన్న వీరట్టానేశ్వరుడి గుడికి వెళ్లేవాళ్లు తక్కువ. అది చిన్న శివాలయం. విమానం వెనకభాగం గుండ్రంగా తిరిగి, శిల్పులు గజపృష్ఠం అనే తీరులో ఉంటుంది. 9వ శతాబ్దం చివర్లో, పల్లవ రాజు అపరాజితవర్మ ఏలుబడిలో, నంబి అప్పి అనే ఆయన దీన్ని రాతితో కట్టించాడు. ఆ సంగతి తెలిపే తమిళ పద్యాన్ని రాజే స్వయంగా చెప్పాడని అక్కడి శాసనం అంటుంది. పేరున్న పల్లవ రాజుల వరుసలో అపరాజితుడు ఆఖరివాడు.

అతని ముగింపు తెలుసుకోవడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. తిరువళ్లూరు నుంచి అరక్కోణం వైపు రైల్లో వెళితే తిరువాలంగాడు వస్తుంది. కారైక్కాల్ అమ్మయార్ తలకిందులుగా నడిచి వచ్చిందని చెప్పుకునే క్షేత్రం అది. 1905లో అక్కడ 31 రాగిరేకుల శాసనం బయటపడింది. పళైయనూరు గ్రామాన్ని తిరువాలంగాడు మహాదేవుడికి రాజేంద్ర చోళుడు ఇచ్చిన దానపత్రం అది. పేరుకు దానపత్రమే గాని, సంస్కృత భాగంలో చోళుల వంశచరిత్రంతా ఉంది. రాజేంద్రుడి పూర్వీకుడు ఆదిత్యుడు యుద్ధంలో అపరాజితుణ్ణి ఓడించి పల్లవ రాజ్యాన్ని తీసుకున్నాడని ఆ రేకుల్లో రాశారు. ఆదిత్యుడు ఏనుగు మీదున్న పల్లవుడి పైకి లంఘించి చంపాడని కన్యాకుమారిలో దొరికిన మరో చోళ శాసనం వర్ణించింది.

గెలిచినవాడు ఎక్కడ కన్నుమూశాడు? శ్రీకాళహస్తి దగ్గర, తొండమనాడులో. శాసనాల్లో దాని పేరు తొండైమానాఱ్ఱూరు. 907లో ఆదిత్యుడు అక్కడ పోయాక, కొడుకు మొదటి పరాంతకుడు తండ్రి అస్థికల మీద శివాలయం కట్టించాడు. కోదండరామేశ్వరం, ఆదిత్యేశ్వరం అని దానికి రెండు పేర్లు. కోదండరాముడనేది ఆదిత్యుడి బిరుదు. బొక్కసంపాలెంలో ఇప్పటికీ ఉన్న ఆ గుడి గోడ మీద పరాంతకుడి 34వ ఏటి శాసనం ఒకటుంది. ఉత్సవాల రోజుల్లో బ్రాహ్మణులకూ, మహావ్రతులతో సహా రకరకాల సాధువులకూ అన్నం పెట్టే ఏర్పాటు అందులో ఉంది. తండ్రి పోయి ముప్పై ఏళ్లు దాటినా కొడుకు ఆ గుడిని మరిచిపోలేదు.

ఇలా రాజు అస్థికల మీద లింగాన్ని నిలిపి కట్టిన గుడిని తమిళంలో పళ్లిప్పడై అంటారు. ఈ మాట వినగానే ఎవరికైనా ఈజిప్టు గుర్తుకొస్తుంది. అక్కడా రాజు సమాధే, దాని పక్కన గుడే, గుడిలో నిత్యపూజే. పోలిక నిజమే, పైపైది కాదు. అయితే తేడా అంతకన్నా లోతైనది. గుడిలో రాజు రూపం ఎక్కడుంది, ఏం చేస్తోంది అని చూస్తే అది తెలుస్తుంది.

పిరమిడ్ అంటే రాళ్ల గుట్ట ఒక్కటే కాదు. దాని తూర్పువైపు ఒక గుడి, అక్కడి నుంచి లోయ దాకా రాతిబాట, ఆ చివర ఇంకో గుడి, ఇదంతా కలిసి ఒక ఆలయ సముదాయం. గిజాలో ఖఫ్రే పిరమిడ్‌కి చెందిన లోయగుడిలో 23 కూర్చున్న రాజవిగ్రహాల కోసం గోడల వెంట చోటు వదిలారు. క్రీ.పూ. 2500 ప్రాంతపు ఆ విగ్రహాల్లో ఒకటి 1860లో ఆ గుడి నేలలోని గోతిలో దొరికింది. నూబియా ఎడారి నుంచి తెచ్చిన గట్టి రాయిలో చెక్కిన ఖఫ్రే సింహాసనం మీద నిటారుగా కూర్చుని ఉంటాడు. తల వెనక హోరస్ డేగ రెక్కలు చాచి అతన్ని కాస్తూ ఉంటుంది. చూసేవాళ్లకు నమస్కారం పెట్టాలనిపించేలా ఉందంటే ఆశ్చర్యం లేదు. చెక్కిందే పూజ అందుకోవడానికి.

ఈజిప్షియన్ల నమ్మకంలో రాజు పోయినా అతని 'కా', అంటే ప్రాణశక్తి, బతికే ఉంటుంది. దానికి నిలవడానికి ఒక ఒళ్లు కావాలి, తినడానికి తిండి కావాలి. విగ్రహం ఆ ఒళ్లు. నోరు తెరిపించే క్రతువు చేస్తే రాయి తినగలదు, పీల్చగలదు, వినగలదు. మన దగ్గర ప్రాణప్రతిష్ఠ చేసి కళ్లు తెరిపించే వేడుక తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు. సఖారాలో జోసర్ రాజు విగ్రహాన్ని అన్నివైపులా మూసిన రాతిగదిలో పెట్టి, ముందు గోడకు కళ్లకు ఎదురుగా రెండు రంధ్రాలు తొలిచారు. లోపలి రాజు ఆ రంధ్రాల్లోంచి ఉత్తరాకాశాన్ని చూస్తాడు. బయట వేసిన ధూపం లోపలికి అందుతుంది.

రోజువారీ వ్యవహారం ఎలా సాగేదో చెప్పే కాగితాలు అబూసీర్‌లో దొరికాయి. నెఫెరిర్కారే అనే ఐదో వంశపు రాజు పిరమిడ్ గుడికి చెందిన పపైరస్ చుట్టలు 1893లో మొదట బయటపడ్డాయి. వాటిని చదువుతుంటే ఏదో దేవస్థానం రికార్డులు తిరగేస్తున్నట్టే ఉంటుంది. ఎవరు ఏ పూట కాపలా, ఏ రొట్టె ఎక్కడి నుంచి వచ్చింది, ఏది బాకీ పడింది, ఏ గిన్నె అంచు విరిగింది, అన్నీ గళ్లు గీసి రాసుకున్నారు. గుడి పనివాళ్లు ఐదు జట్లు, ఒక్కో జట్టులో రెండేసి భాగాలు. ఒక్కో భాగానికి పది నెలలకొకసారి నెలపాటు వంతు. విగ్రహాల ముసుగు తీసి, తైలం పూసి, బట్ట కట్టి, ధూపం వేసి, భోజనం పెట్టేవారు. రాజు ఆరగించాక ఆ రొట్టే మాంసమూ పనివాళ్లకే పంచేవారు. వంతు అర్చకత్వమూ ప్రసాదం పంపకమూ ఎరిగిన తెలుగువాళ్లకు ఇందులో విడమరచి చెప్పాల్సిందేమీ లేదు.

అక్కడ గర్భగుడిలో ఉన్నది రాజు. తొండమనాడులో గర్భగుడిలో ఉన్నది లింగం.

ఇది చిన్న తేడా కాదు. ఆదిత్యుడి అస్థికలు కింద ఉన్నా, అభిషేకం జరిగేది శివుడికి. రాజుకు దక్కింది ఆ శివుడి పేరులో ఒక ముక్క. మనవడి మనవడు రాజరాజు కూడా ఇదే దారి పట్టాడు. తన తాత అరింజయుడు ఆఱ్ఱూరులో పోతే, ఆయన కోసం ఇప్పటి వేలూరు జిల్లాలో పొన్నై నది ఒడ్డునున్న మేల్పాడిలో పళ్లిప్పడై కట్టించాడు. అక్కడి 1014 నాటి శాసనం ఆ దేవుణ్ణి అరింజీశ్వరుడంటుంది, తాతను 'ఆఱ్ఱూరులో నిద్రించిన దేవర' అంటుంది. చోళుల శాసనాల్లో రాజు చావడు, నిద్రపోతాడు. 949లో అరక్కోణం దగ్గరి తక్కోలం యుద్ధంలో ఏనుగు అంబారీ మీదే నేలరాలిన రాజాదిత్యుడు 'ఏనుగు మీద నిద్రించిన దేవర' అయ్యాడు.

ఈజిప్టుకు బాగా దగ్గరగా వచ్చిన ఘట్టం ఒకటి తంజావూరులో ఉంది. 1010లో పూర్తయిన పెద్దగుడిలో రాజరాజు అక్క కుందవై తన తండ్రి సుందర చోళుడికీ తల్లికీ లోహ విగ్రహాలు చేయించి పెట్టింది. వాటికి నైవేద్యం ఆగకుండా డబ్బు జమచేసి, వడ్డీ కింద ధాన్యం వచ్చేలా కట్టుదిట్టం చేసిన వివరాలు గోడల మీద చెక్కి ఉన్నాయి. తండ్రి విగ్రహానికి కూతురు అన్నం పెట్టింది. రాజరాజుకూ రాణి లోకమహాదేవికీ గుడి వ్యవహారాలు చూసే అధికారి విగ్రహాలు చేయించాడు. ఆ రాజు కొలిచే దేవుడి విగ్రహాన్ని కూడా వాటితోపాటే పెట్టాడు. రాజుకు రూపమిచ్చినా, అతనికో దేవుడున్నాడని చూపించకుండా వదల్లేదు.

చనిపోయిన రాజుల బొమ్మలు ఒకచోట పెట్టడం ఈ నేలకు కొత్తేమీ కాదు. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో శాతవాహన రాజులవీ నాగనిక రాణివీ విగ్రహాలు వరుసగా ఉండేవి. ఇప్పుడు పేర్లూ పాదాల గుర్తులూ మిగిలాయి. భాసుడి ప్రతిమా నాటకంలో భరతుడు మేనమామ ఊరి నుంచి వస్తూ ప్రతిమాగృహంలోకి అడుగుపెడతాడు. పోయిన పూర్వీకుల మధ్య తండ్రి దశరథుడి విగ్రహం కనిపిస్తుంది. తండ్రి పోయాడని అతనికి అలా తెలుస్తుంది. కానీ ఇవి పూజామందిరాల కన్నా జ్ఞాపకమందిరాలు. పూజ జరిగే గుడిలోకి వచ్చేసరికి రాజు భంగిమ మారిపోతుంది. మహాబలిపురం ఆదివరాహ గుహలో మహేంద్ర పల్లవుడు ఒక రాణి చేయి పట్టుకుని, రెండో చేత్తో గర్భగుడి వైపు చూపిస్తుంటాడు. తనను కాదు, లోపలున్న స్వామిని చూడమంటున్నాడు.

ఆ భంగిమ చివరికి తిరుమలలో స్థిరపడింది. తిరుత్తణి నుంచి తిరుపతి రెండు గంటల లోపు ప్రయాణం. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి మారేదాకా తిరుత్తణి కూడా తిరుపతిలాగే చిత్తూరు జిల్లాలోనే ఉండేది. తిరుమలలో మహాద్వారం దాటగానే కృష్ణరాయ మండపంలో రాగి రేకును సాగగొట్టి చేసిన మూడు నిలువెత్తు విగ్రహాలు కనిపిస్తాయి. మధ్యన కృష్ణదేవరాయలు, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. భుజాల మీద పేర్లున్నాయి. రాయలు పొడుగాటి కుళ్లాయి పెట్టుకుని, చేతులు జోడించి నిలబడ్డాడు. 1517 జనవరి 2న స్వయంగా పెట్టించుకున్న విగ్రహాలవి, బతికుండగానే. నైవేద్యం లోపలి స్వామికే గాని రాయలకు కాదు. ఖఫ్రే కూర్చుని అందుకుంటాడు, రాయలు నిలబడి మొక్కుతాడు. తన రూపం ఎప్పటికీ ఆలయంలో ఉండాలన్న కోరిక మాత్రం ఇద్దరిదీ ఒకటే. గజపతిని గెలిచిన చక్రవర్తి తన గుర్తుగా వాకిట్లో మొక్కే మనిషిని ఎంచుకోవడం దక్షిణాది రాజరికపు గొప్ప నిర్ణయాల్లో ఒకటి.

రాయల తర్వాత అచ్యుతరాయలూ రాణి వరదాజమ్మా రాతిలో, వెంకటపతిరాయలు లోహంలో అక్కడికే చేరారు. చక్రవర్తులంతా పోయాక, ఆర్కాటు నవాబు కొలువులోని తోడరమల్లు కూడా తల్లి మాతా మోహనదేవితో, భార్య పీతాబీబీతో కలిసి అదే ఆలయంలో లోహమూర్తిగా నిలిచాడు. అతనికి కిరీటమూ లేదు, రాజ్యమూ లేదు. చేతులు జోడిస్తే చాలు కాబట్టి, ఆ వరుసలో నిలబడడానికి అతనికీ చోటు దొరికింది.