రంగు చెప్పేది సగమే

టైటానియం వెల్డింగ్‌కి వచ్చే కుర్రాళ్లు ముందుగా రంగులు నేర్చుకుంటారు. బీడ్, అంటే అతుకు గీత, వెండిలా మెరిస్తే మంచిది. లేత గడ్డిరంగైతే ఫర్వాలేదు. నీలం తేలితే అనుమానించాలి. బూడిదరంగో తెల్లపొడో కనిపిస్తే కోసి పారేయాలి. సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ఈ లోహం గాలిలోని ఆక్సిజన్‌నీ నైట్రోజన్‌నీ పీల్చేసుకుని పెళుసెక్కుతుంది. అందుకే టార్చ్‌లోంచి వచ్చే ఆర్గాన్ ఒక్కటే చాలదు. వెనకాలే సాగే ట్రైలింగ్ షీల్డ్ ఉండాలి, అతుకు అడుగువైపూ ఆర్గాన్ నింపాలి. ఎసిటోన్‌తో తుడిచాక జాబ్ మీద వేలిముద్ర కూడా పడకూడదు.

ఇంతా చేసి బీడ్ తళతళలాడుతున్నా, ఇన్‌స్పెక్టర్‌గా నేను వెంటనే సంతకం పెట్టను. టెస్ట్ ప్లేటు కోసి, పాలిష్ పట్టి, ఆసిడ్ రాసి మైక్రోస్కోపు కింద పెట్టమంటాను. గాలి తగిలిందో లేదో రంగు చెబుతుంది. వేడి ఏం చేసిందో లోపలి రేణువులే చెప్పాలి.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన మిశ్రమం. ఘనపు సెంటీమీటరు 4.43 గ్రాములే తూగుతుంది, అదే ఉక్కయితే 7.85. ఈ మిశ్రమం హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధానిలో తయారవుతుంది. ఇస్రో దీనితో ఇంధన ట్యాంకులు, గ్యాస్ బాటిళ్లు చేయిస్తుంది. కాకపోతే ఇది వేడిని త్వరగా వదలదు. ఒకే కరెంటుతో టిగ్ (టంగ్‌స్టన్ ఆర్క్) వెల్డింగ్ చేసుకుంటూ పోతే వేడంతా అతుకు దగ్గరే పోగుపడుతుంది. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు రేణువులు అంచుల నుంచి మధ్యకు పొడుగ్గా, లావుగా పెరుగుతాయి. చల్లారేటప్పుడు వాటిలో సూదుల్లాంటి మార్టెన్‌సైట్ పుడుతుంది. అలాంటి అతుక్కి గట్టిదనం ఉంటుంది, సాగే గుణం తగ్గుతుంది. వంచి చూస్తే పగలవచ్చు.

పల్స్ కరెంటు అక్కరకొచ్చేది ఇక్కడే. పొంగబోయే పాల కింద మంట తగ్గించి, మళ్లీ పెంచినట్టు మెషీన్ కరెంటును సెకనుకు కొన్నిసార్లు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పై స్థాయి (పీక్) 100 ఆంపియర్లు, కింది స్థాయి (బేస్) 40, రెండూ చెరిసగం సేపు అనుకోండి, సగటు 70. పీక్‌లో లోహం కరుగుతుంది. బేస్‌లో ఆర్క్ ఆరిపోకుండా నిలుస్తుంది, కరిగిన మడుగు కుంచించుకుని అంచులు గడ్డకడతాయి. మళ్లీ పీక్ రాగానే ఆ అంచులు కొంత కరుగుతాయి, మడుగు కదులుతుంది. పొడుగ్గా ఎదగబోయిన రేణువుల దారి తెగి, కొత్తవి చిన్నచిన్నగా మొదలవుతాయి.

ఇది మనవాళ్లు పరీక్షించి చూసిందే. మద్రాస్ ఐఐటీకి చెందిన సుందరేశన్, హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్‌కి చెందిన మధుసూదన్ రెడ్డి, వీరితో పాటు జానకీరామ్ కలిసి 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. పల్స్ కరెంటుతో అతుకులోని రేణువులు సన్నబడ్డాయని, సాగే గుణం మెరుగుపడిందని తేల్చారు.

అలాగని పల్స్ బటన్ నొక్కితే సరిపోదు. బేస్ మరీ తగ్గిస్తే ఆర్క్ నిలవదు. పల్సుల వేగం మరీ పెంచితే మడుగుకు గడ్డకట్టే వ్యవధి ఉండదు, అప్పుడది నిలకడ కరెంటుతో చేసినట్టే. ఆర్గాన్‌లో తేమ ఉంటే ఏ పల్సూ కాపాడదు. లోపల మిగిలిన ఒత్తిళ్లు పోవడానికి తర్వాత వాక్యూమ్ కొలిమిలో వేడిచేయడం ఎటూ తప్పదు.

ప్లేటు మందం మారినా, మెషీన్ మారినా సెట్టింగు మళ్లీ చూసుకోవాలి, టెస్ట్ ముక్క మళ్లీ కోయాలి. ఆ ముక్క ఖరీదు తలుచుకుని గొణిగే యజమానులుంటారు. వాళ్లను నేను ట్యాంకు ఖరీదు ఎంతని అడుగుతాను.