కారు డ్యాష్‌బోర్డు తెరల పునర్రూపకల్పన: రాజంపేట రహదారి నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కారు డ్యాష్‌బోర్డులో ముల్లుల గడియారాలు, మీటలు, బొత్తాల స్థానాన్ని డిజిటల్ తెరలు ఆక్రమిస్తున్నాయి. ఈ మార్పును సాధారణంగా తెర పరిమాణంతోనూ, అందులోని సదుపాయాల సంఖ్యతోనూ కొలుస్తున్నారు. చోదకుని చూపు రహదారిని విడిచి ఉండే కాలమే అసలైన కొలమానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కడప - తిరుపతి మార్గంలోని రాజంపేట ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని స్పర్శ, శ్రవణం, లిపి అనే మూడు కోణాల నుంచి తెరల పునర్రూపకల్పనను వివరిస్తుంది.

కీలకపదాలు: డ్యాష్‌బోర్డు, టచ్‌స్క్రీన్, ఇన్ఫోటైన్‌మెంట్, రహదారి భద్రత, తెలుగు లిపి, రాయలసీమ.

1. ప్రస్తావన

కార్ల తయారీలో రాయలసీమకు ప్రత్యేక స్థానం లభించి ఎంతో కాలం కాలేదు. నాటి అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద నెలకొన్న కియా కర్మాగారం నుంచి 2019లో సెల్టోస్ కారు విపణిలోకి వచ్చింది. దాని పై శ్రేణి నమూనాలలో 10.25 అంగుళాల టచ్‌స్క్రీన్ ఉండేది. 2023లో వెలువడిన సవరించిన నమూనాలో వేగాన్ని చూపే పలక సైతం 10.25 అంగుళాల తెరగా మారి, రెండు తెరలు ఒకే చట్రంలో పక్కపక్కన చేరాయి. 2025లో అదే సంస్థ తెచ్చిన సైరోస్‌లో 12.3 అంగుళాల తెరలు రెండు, వాటి నడుమ ఏసీ నియంత్రణకు 5 అంగుళాల తెర ఒకటి అమరాయి. ఆరేళ్ల వ్యవధిలో డ్యాష్‌బోర్డు స్వరూపం ఎంతగా మారిందో ఈ క్రమం తెలియజేస్తుంది.

ఇటువంటి కార్లు నడిచే మార్గాలలో రాజంపేట మీదుగా సాగే కడప - తిరుపతి రహదారి ఒకటి. ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, పుల్లంపేట, రైల్వేకోడూరు మీదుగా ఈ దారి రేణిగుంటకు చేరుతుంది. తిరుమల యాత్రికుల వాహనాలు, మంగంపేట ముగ్గురాయి లారీలు, కోడూరు తోటల నుంచి పండ్లు తరలించే వాహనాలు ఇక్కడ కలిసి ప్రయాణిస్తాయి. వాటి నడుమ ద్విచక్రవాహనాలు, ఆటోలు, పశువులు, పాదచారులు సరేసరి. ఇలాంటి దారిలో చూపు మరలడమంటే ఏమిటో లెక్కగట్టి చూడవలసి ఉంది.

2. చూపు మరలే కాలం

గంటకు 80 కి.మీ. వేగంతో పోయే కారు ఒక సెకనులో సుమారు 22 మీటర్లు సాగుతుంది. చోదకుడు తెర వైపు రెండు సెకన్లు చూస్తే, 44 మీటర్ల దారిని చూడకుండానే దాటినట్లవుతుంది. అమెరికా జాతీయ రహదారి భద్రతాసంస్థ 2013లో వెలువరించిన మార్గదర్శకాలు ఒక్కొక్క చూపు రెండు సెకన్లకు, ఒక పనికి అవసరమయ్యే చూపుల మొత్తం 12 సెకన్లకు మించరాదని సూచించాయి. అవి ఐచ్ఛికమైన సూచనలే అయినా, తెరల రూపకల్పనకు ఒక కొలబద్దను అందించాయి.

స్వీడన్‌కు చెందిన 'వీ బిలాగరే' పత్రిక 2022లో ఇదే విషయాన్ని పరీక్షించింది. ఉష్ణోగ్రత మార్చడం, రేడియో కేంద్రాన్ని ఎంచుకోవడం వంటి కొన్ని పనులను గంటకు 110 కి.మీ. వేగంతో నడుస్తున్న కార్లలో చేయించింది. బొత్తాలు గల 2005 నాటి వోల్వో కారులో ఆ పనులు 306 మీటర్ల దూరంలో పూర్తయ్యాయి. తెరపై అధికంగా ఆధారపడిన ఒక నూతన కారులో 1,372 మీటర్లు పట్టింది. చోదకులకు ఆయా కార్లతో ముందుగానే పరిచయం కల్పించినప్పటికీ ఇంతటి వ్యత్యాసం కనిపించింది.

3. స్పర్శకు తెలిసేది, చూపు కోరేది

ఈ వ్యత్యాసానికి కారణం చేతివేళ్ల జ్ఞాపకంలో ఉంది. బొత్తానికి నిలకడైన స్థానం, అంచు, తిప్పినప్పుడు తెలిసే బిగువు ఉంటాయి. కొద్దిరోజుల వాడుకతో వేలు దానిని తానే వెతుక్కుంటుంది. నునుపైన తెరపై ఏ భాగమైనా వేలికి ఒకేలా తోస్తుంది గనుక ప్రతిసారీ కన్ను తోడు రావలసిందే. గుంతల దారిలో కారు కుదిపినప్పుడు గురి తప్పుతుంది. తప్పును సరిదిద్దడానికి మరొకసారి చూడవలసి వస్తుంది. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే కడప ప్రాంతపు వేసవిలో ఏసీ తరచు వాడే సాధనమే గాని విలాసం కాదు. చెమట పట్టిన వేళ్లు, తెరపై పడే ఎండ, పేరుకొనే దుమ్ము ఈ ఇబ్బందిని పెంచుతాయి. 2023 సెల్టోస్‌లో తెరలు పెరిగినా ఏసీకి బొత్తాలను నిలిపి ఉంచడం ఈ దృష్టితో గమనించదగినది.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే ధోరణి కనిపిస్తున్నది. ఇండికేటర్లు, ప్రమాద హెచ్చరిక దీపాలు, హారన్, వైపర్లు, అత్యవసర పిలుపు అనే ఐదింటికి ప్రత్యేక భౌతిక సాధనాలు ఉండాలని యూరో ఎన్‌క్యాప్ తన 2026 మూల్యాంకన నిబంధనలలో పేర్కొన్నది. ముఖ్యమైన పనులకు బొత్తాలను తిరిగి తెస్తామని ఫోక్స్‌వాగన్ 2025లో ప్రకటించింది.

4. శ్రవణమార్గం

సమాచారమంతా కంటికే చేరవలసిన అవసరం లేదు. భారతదేశంలో 2019 జులై 1 నుంచి నూతన కార్లలో వేగ హెచ్చరిక ధ్వని తప్పనిసరి అయింది. గంటకు 80 కి.మీ. దాటినప్పుడు హెచ్చరిక మొదలై, 120 కి.మీ. దాటితే ఎడతెగక మోగుతుంది. చూపును మళ్లించకుండా విషయాన్ని తెలిపే విధానానికి ఇది చక్కని ఉదాహరణ.

మాటల ఆదేశాలు ఈ మార్గంలో తరువాతి మెట్టు. అయితే యంత్రానికి అర్థమయ్యే తెలుగు ఏది అనే ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. 'చల్లదనం కొంచెం పెంచు' అనే వాక్యాన్ని గ్రహించే యంత్రం, 'రోంత పెంచు' అన్నప్పుడు కూడా గ్రహించగలగాలి. లేనిపక్షంలో చోదకుడు మళ్లీ తెరనే ఆశ్రయిస్తాడు. మాండలిక అధ్యయనం రహదారి భద్రతకు తోడ్పడగల అరుదైన సందర్భం ఇది.

5. తెరపై తెలుగు లిపి

హెచ్చరిక సందేశం చదవగలిగిన భాషలో ఉన్నప్పుడే హెచ్చరిక అవుతుంది. టైరులో గాలి తగ్గిందని తెలిపే ఆంగ్ల వాక్యం, తెలుగు మాత్రమే చదవగల చోదకునికి ఒక రంగుదీపంతో సమానం. అయితే ఆంగ్లానికి రూపొందించిన చట్రంలో తెలుగు అనువాదాన్ని యథాతథంగా అమర్చడం పరిష్కారం కాదు.

రోమన్ అక్షరాలు ప్రధానంగా ఒకే వరుసలో సాగుతాయి. తెలుగులో గుడి, ఏత్వం పైకి, వత్తులు కిందికి విస్తరిస్తాయి. 'ఒంటిమిట్ట' అనే పేరులో టకారవత్తుకు, 'రాష్ట్ర' అనే మాటలో రెండు వత్తులకు పంక్తి కింద చోటు కావాలి. చోటు చాలక అక్షరాలను కుదిస్తే ద, ధ, థల భేదం, ప, ఫ, షల భేదం క్షణకాలపు చూపులో తెలియదు. కాబట్టి పంక్తుల ఎడం పెంచడం, సందేశాన్ని రెండు మూడు మాటలకు పరిమితం చేయడం, మాటతో పాటు గుర్తును చూపడం అవసరం. స్థలనామాల విషయంలో తెలుగు లిపికి మరొక ప్రయోజనం ఉంది. ఒంటిమిట్టను రోమన్ లిపిలో కొన్నిచోట్ల ఒకారంతో, కొన్నిచోట్ల వకారంతో రాస్తారు. తెలుగులో ఆ సందిగ్ధత ఉండదు.

6. మన్నిక

ఫోను మారినంత త్వరగా కారు మారదు. 2021లో టెస్లా అమెరికాలో సుమారు 1,35,000 కార్లను వెనక్కి పిలిపించింది. తెరను నడిపే జ్ఞాపకభాగం అరిగిపోవడంతో వెనుక కెమెరా దృశ్యం, అద్దాలపై మంచు తొలగించే నియంత్రణలు పనిచేయకపోయే ప్రమాదం ఏర్పడడమే కారణం. అన్ని పనులూ ఒకే తెరకు అప్పగిస్తే ఒక్క లోపం అన్నింటినీ నిలిపివేయగలదు. కారు చేతులు మారి మరమ్మతు కేంద్రాలకు దూరంగా ఉన్న ఊళ్లకు చేరినప్పుడు ఈ సమస్య మరింత బరువవుతుంది.

7. ముగింపు

పై పరిశీలన ఆధారంగా పునర్రూపకల్పనకు ఈ క్రింది సూత్రాలను నిర్దేశించవచ్చు.

1. తరచుగాను, తక్షణంగాను చేయవలసిన పనులకు బొత్తాలు, మీటలు ఉండాలి.

2. వేగం, మలుపుల సూచన వంటి నిరంతర సమాచారం స్టీరింగ్ వెనుక తెరపై పెద్ద అక్షరాలలో కనిపించాలి.

3. ప్రమాద హెచ్చరికలు ధ్వనితో మొదలై, తెలుగులో క్లుప్తంగా వెలువడాలి.

4. ఫోను జతపరచడం, రంగుల ఎంపిక వంటివి కారు ఆగినప్పుడు మాత్రమే తెరచుకోవాలి.

5. తెర ఆగిపోయినా భద్రతకు సంబంధించిన నియంత్రణలు పనిచేయాలి.

ఈ సూత్రాల అమలును ఎండ, దుమ్ము, రద్దీ, స్థానిక భాష అన్నీ ఉన్న రాజంపేట వంటి మార్గాలలో పరీక్షించినప్పుడే వాటి బలాబలాలు తేలుతాయి. ఆ పరీక్షకు యంత్రశాస్త్ర నిపుణులతో పాటు లిపి, మాండలిక పరిశోధకుల భాగస్వామ్యం కూడా అవసరం.