చివరి మిల్లీగ్రామే గండం

మార్క్ హొరోవిట్జ్ డిప్రెషన్ మందుల సంగతి తెలియనివారేమీ కాదు. ఆస్ట్రేలియాలో డాక్టరీ చదివారు, సైకియాట్రీలో శిక్షణ పొందారు, లండన్ కింగ్స్ కాలేజీలో యాంటీడిప్రెసెంట్ల మీదే పీహెచ్‌డీ చేశారు. వాటిలో ఒకటైన ఎస్సిటాలోప్రామ్‌ను దాదాపు 15 ఏళ్లు స్వయంగా వాడారు కూడా. ఇక మానేద్దామని డోసు తగ్గించడం మొదలుపెట్టాక ఆయనకు చుక్కలు కనిపించాయి. తెల్లారి కళ్లు తెరవడమే భయంతో. ఏదో మృగం వెంటపడి తరుముతున్నంత భయం. రాత్రి దాకా అది వదిలేది కాదు. పరిగెత్తుతున్నంతసేపూ కాస్త తెరిపిగా ఉంటోందని పాదాలు చిట్లి నెత్తురు కారేదాకా పరిగెత్తేవారు. మందు మొదలుపెట్టడానికి కారణమైన డిప్రెషన్ కూడా తనను ఇంతగా కుంగదీయలేదని తర్వాత ఆయనే చెప్పుకొచ్చారు.

అందరికీ ఇలా జరగదు. చాలామంది పెద్ద ఇబ్బందేమీ లేకుండానో, కొద్దిరోజుల చికాకుతోనో బయటపడతారు. ఏళ్ల తరబడి వాడి ఒక్కసారిగా ఆపేసినవారిలో కొందరికి మాత్రం వారాలు, ఒక్కోసారి నెలలు నరకంగా గడుస్తాయి. ముందే తెలిస్తే ఇందులో చాలా బాధను తప్పించుకోవచ్చు. కానీ మందు రాసిచ్చేటప్పుడు ఎలా వేసుకోవాలో చెప్పినంత వివరంగా, ఎలా మానాలో చెప్పడం తక్కువ.

దాంతో ఎవరికి తోచినట్టు వారు మానేస్తారు. నిద్ర పడుతోంది, ఆకలేస్తోంది, ఇంకెందుకీ మాత్రలు అనుకుని ఒకరు. పెళ్లి సంబంధం కుదిరింది, అత్తారింట్లో స్ట్రిప్ కనబడితే బాగుండదని మరొకరు. గర్భం అని తెలిసిన రోజే భయపడి ఇంకొకరు. చదువుకని అమెరికా వెళ్లి, వెంట తీసుకెళ్లిన స్ట్రిప్పులు అయిపోయాక అక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరక్క మానేసే కుర్రాళ్లూ ఉంటారు.

మూడో రోజు మొదలు

మొదటి రోజు చాలామందికి ఏమీ తెలియదు. రెండో రోజు, మూడో రోజు నుంచి ఒక్కొక్కటే మొదలవుతాయి. జలుబు చేసినట్టు ఒళ్లు నొప్పులు, వికారం, చెమటలు. రాత్రిళ్లు నిద్ర పట్టదు. పడితే నిజంలా అనిపించే పీడకలలు. నిలబడితే నేల ఒరిగిపోతున్నట్టుంటుంది. చిన్నమాటకే ఏడుపొస్తుంది, లేదంటే కోపం. గుండె దడ, కారణం లేని కంగారు.

వీటన్నిటిలో విచిత్రమైనది ఇంకొకటి ఉంది. తలలో చిటుక్కున షాక్ కొట్టినట్టుంటుంది. నొప్పి కాదు, ఒక్క క్షణం కరెంటు పాకిపోయినట్టు. కళ్లు గబుక్కున పక్కకు తిప్పినప్పుడు ఇది ఎక్కువ. రోడ్డు దాటబోతూ కుడివైపు చూస్తే ఒకటి, ఎడమవైపు చూస్తే మరొకటి. ఇంగ్లిష్‌లో దీన్ని బ్రెయిన్ జాప్ అంటారు. దీనివల్ల మెదడు దెబ్బతింటుందనడానికి ఆధారాల్లేవు. అయితే ఇదేమిటో తెలియనివారు మెడ నరాలనీ, చెవిలో తేడా అనీ, బీపీ అనీ ఒక్కో డాక్టర్ చుట్టూ తిరుగుతారు. వారం కిందట ఏ మాత్ర మానేశారని అడిగేవారు ఉంటే సగం పరీక్షలు తప్పుతాయి.

ఇవి ఎప్పుడు, ఎంత గట్టిగా వస్తాయన్నది చాలావరకు మందును బట్టి ఉంటుంది. వెన్లాఫాక్సిన్ కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి సగం వెళ్లిపోతుంది. అందుకే ఒక్క పూట మాత్ర మరిచిపోయినా దాన్ని వాడేవారిలో కొందరికి సాయంత్రానికే తెలిసిపోతుంది. పారోక్సెటిన్‌తోనూ ఈ ఇబ్బంది ఎక్కువే. ఫ్లూఆక్సెటిన్ తీరు వేరు. అదీ, దాని నుంచి శరీరంలో తయారయ్యే పదార్థమూ వారాల తరబడి రక్తంలో ఉండిపోతాయి. కాబట్టి దానితో లక్షణాలు తక్కువగా, ఆలస్యంగా వస్తాయి. మానేసిన కొన్ని వారాలకు వచ్చిన బాధకూ ఆ మందుకూ ముడి ఉంటుందని ఎవరికీ తట్టకపోవడానికి కారణం కూడా అదే.

అలవాటు పడ్డ మెదడు

నాడీకణాల మధ్య విడుదలైన సెరటోనిన్‌ను మళ్లీ లోపలికి లాక్కునే ప్రొటీన్లు ఉంటాయి. ఎక్కువమంది వాడే యాంటీడిప్రెసెంట్లు ఆ ప్రొటీన్లను అడ్డుకుంటాయి. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ మెదడు ఈ కొత్త పరిస్థితికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. మందు హఠాత్తుగా మాయమైతే ఆ సర్దుబాటు వెంటనే వెనక్కి మళ్లదు. మందు వెళ్లిపోవడానికీ మెదడు తిరిగి సర్దుకోవడానికీ మధ్య ఉన్న ఆ ఎడంలోనే ఈ లక్షణాలన్నీ పుడతాయి.

దీన్ని వ్యసనంతో కలిపి చూడటం పొరపాటు. ఈ మాత్రల కోసం ఎవరూ తపించిపోరు, మత్తు కోసం డోసు పెంచుకుంటూ పోరు. శరీరం ఒక మందుకు అలవాటు పడటం వేరు, మనిషి దానికి బానిస కావడం వేరు. కొన్ని బీపీ మందులు, స్టెరాయిడ్లు కూడా ఒక్కసారిగా ఆపకూడనివే.

ఎంతమందికి? ఎంతకాలం?

ఈ సంగతి నిన్న మొన్న బయటపడింది కాదు. తొలి తరం మందు ఇమిప్రమిన్ మానినప్పుడు వచ్చే లక్షణాల గురించి 1959లోనే వైద్య పత్రికల్లో రాశారు. అయినా 2009లో బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఈ లక్షణాలు సాధారణంగా స్వల్పంగా ఉండి వారం రోజుల్లో వాటంతటవే పోతాయని ఉంది. 2018లో జేమ్స్ డేవిస్, జాన్ రీడ్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, మందు మానేసినవారిలో సగానికి పైగా లక్షణాలు వస్తాయని, వారిలో సుమారు సగం మందికి అవి తీవ్రంగా ఉంటాయని తేల్చారు. ఆ లెక్కలో ఆన్‌లైన్ సర్వేలు కూడా ఉన్నాయనీ, బాధపడినవారే వాటికి ఎక్కువగా స్పందిస్తారనీ విమర్శలొచ్చాయి. వాదోపవాదాల మధ్యే 2019లో నైస్ తన మాట సవరించుకుంది. కొందరికి ఇవి వారాలు, నెలలు కూడా ఉండవచ్చని, తీవ్రంగా ఉండవచ్చని చేర్చింది.

2024లో జర్మనీ పరిశోధకులు 79 అధ్యయనాలు, 21 వేల మందికి సంబంధించిన వివరాలు జల్లెడ పట్టారు. అసలు మందు మానేసినవారిలో 31 శాతం మందికి లక్షణాలు వస్తే, ఉత్తుత్తి మాత్ర మానేసినవారిలోనూ 17 శాతం మందికి వచ్చాయి. అంటే కొంత భాగం భయం వల్లా, ఎదురుచూపు వల్లా వచ్చేదే. ఆ భాగం తీసేస్తే ఆరేడుగురిలో ఒకరికి మందు మానడం వల్లే ఇబ్బంది కలుగుతోంది. 35 మందిలో ఒకరికి అది తీవ్రంగా ఉంటోంది. అయితే ఇలాంటి అధ్యయనాల్లో చాలావాటిలో జనం మందు వాడింది కొన్ని వారాలో, నెలలో. ఐదేళ్లు, పదేళ్లు వాడినవారికి ఇదే లెక్క వర్తిస్తుందని చెప్పలేమన్నది హొరోవిట్జ్ లాంటివారి అభ్యంతరం.

సగం చేస్తూ పోతే సరిపోదా?

తనకెందుకిలా జరిగిందో తెలుసుకోవాలని హొరోవిట్జ్ పాత మెదడు స్కాన్ల ఫలితాలు తిరగేశారు. కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ డేవిడ్ టేలర్‌తో కలిసి 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వ్యాసం రాశారు. మందుల డోసుల గురించి డాక్టర్ల ఆలోచనను మార్చిన వ్యాసం అది.

అందులో కీలకం సిటాలోప్రామ్ అనే మందు లెక్క. రోజుకు 60 మిల్లీగ్రాములు వేసుకుంటే, ఇందాక చెప్పుకున్న సెరటోనిన్ ప్రొటీన్లలో దాదాపు 88 శాతాన్ని మందు పట్టి ఉంచుతుంది. 40కి దిగితే 86 శాతం. 20కి దిగినా ఇంకా 80 శాతం. అంటే డోసులో మూడింట రెండొంతులు తగ్గించినా మెదడుకు తెలిసే తేడా స్వల్పమే. అక్కణ్నుంచి కథ మారుతుంది. 9 మిల్లీగ్రాముల దగ్గర 70 శాతం, 3.4 దగ్గర 50, 1.5 దగ్గర 30. ఒక మిల్లీగ్రాములో మూడో వంతు పైచిలుకు, అంటే 0.37 దగ్గర కూడా ఇంకా 10 శాతం ప్రభావం మిగిలే ఉంటుంది. పై మెట్లన్నీ జానెడు ఎత్తు, ఆఖరి మెట్టు మాత్రం నిలువెత్తు.

ఇప్పుడు మన మెడికల్ షాపులో దొరికే బిళ్లను చూద్దాం. ఎస్సిటాలోప్రామ్ మామూలుగా 5, 10, 20 మిల్లీగ్రాముల్లో వస్తుంది. సిటాలోప్రామ్ చేసే పనిని ఇది సుమారు సగం డోసుతోనే చేస్తుంది. పది నుంచి ఐదుకు తగ్గించి, రెండు వారాల తర్వాత ఆపేయండి అనడం వాడుక. ఆ ఐదులో ఉన్న బలం తక్కువేమీ కాదు. దాన్ని చాకుతో నొక్కితే ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది, మిగతాది పొడి. సరిగ్గా సగమైందనే అనుకున్నా, చేతిలో ఉన్న రెండున్నర మిల్లీగ్రాములు మెదడులో సగానికి పైగా ప్రభావం చూపే డోసే. అక్కణ్నుంచి సున్నాకు దూకడమంటే మేడ మీంచి పడ్డట్టే కొందరికి.

అందుకే ఇప్పుడు సూచిస్తున్న పద్ధతి వేరు. ప్రతిసారీ ఇన్ని మిల్లీగ్రాములని కాకుండా, అప్పుడు వాడుతున్న డోసులో కొంత వంతు చొప్పున తగ్గిస్తారు. డోసు చిన్నదయ్యేకొద్దీ తగ్గించే ముక్క కూడా చిన్నదవుతుంది. 2022 నాటి నైస్ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి. ఒక మెట్టు దిగాక లక్షణాలు సద్దుమణిగాకే తర్వాతి మెట్టు. కొందరికి దీనికి కొన్ని వారాలు చాలు, ఏళ్లుగా వాడినవారికి చాలా నెలలు పట్టవచ్చు. అంత చిన్న డోసులు బిళ్లల్లో దొరకవు కాబట్టి కొన్ని దేశాల్లో ద్రవరూపంలో మందు ఇస్తారు. నెదర్లాండ్స్‌లో పీటర్ గ్రూట్, జిమ్ వాన్ ఓస్‌ల చొరవతో రోజుకో చిన్న ప్యాకెట్ చొప్పున, డోసు క్రమంగా తగ్గుతూ వచ్చే మాత్రల చుట్టలు తయారయ్యాయి.

సొంత ప్రయోగాల్లో రెండు తరచూ బెడిసికొడతాయి. ఒకటి, రోజు విడిచి రోజు వేసుకోవడం. ఫ్లూఆక్సెటిన్ లాంటి నిదానంగా వెళ్లే మందుతో అది కుదరవచ్చు గానీ, మిగతావాటితో రక్తంలో మందు రోజూ ఎక్కి దిగుతూ ఉంటుంది. రెండు, నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన ఎక్స్ఆర్ బిళ్లల్ని విరవడం, నలపడం. అలా చేస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోవచ్చు.

మన దేశంలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంకొకటుంది. ఎస్సిటాలోప్రామ్, కంగారు తగ్గించే మందు క్లోనాజెపామ్ రెండూ కలిపిన బిళ్లలు ఇక్కడ బాగా వాడకంలో ఉన్నాయి. ఒకే మాత్ర వేసుకుంటున్నాననుకునే మనిషి నిజానికి రెండు మందులు వాడుతున్నట్టు. ఎక్కువకాలం వాడి ఆ స్ట్రిప్ ఆపేస్తే రెండూ ఒకేసారి ఆగిపోతాయి. క్లోనాజెపామ్‌ను హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. స్ట్రిప్ వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదివి, ఏది ముందు తగ్గించాలో డాక్టర్‌నే అడగాలి.

జబ్బు తిరగబెట్టిందా?

మానేశాక దిగులు, కంగారు మొదలైతే, చూశావా, మాత్ర లేకపోతే నువ్వుండలేవు అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. ఒక్కోసారి డాక్టర్ కూడా అదే అనుకుని పాత డోసుకే తీసుకెళతారు. మందు మానిన ఇబ్బందినీ, జబ్బు తిరగబెట్టడాన్నీ విడదీయడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. మందు మానడం వల్ల వచ్చేవి సాధారణంగా రోజుల్లో మొదలవుతాయి. తల తిరగడం, షాక్ కొట్టినట్టుండటం లాంటి మునుపెన్నడూ లేని శారీరక బాధలు వాటితో ఉంటాయి. మందు మళ్లీ వేసుకుంటే చాలావరకు త్వరగా తగ్గిపోతాయి. డిప్రెషన్ తిరగబెట్టడం సాధారణంగా వారాలు, నెలల మీద నెమ్మదిగా జరుగుతుంది. మళ్లీ మందు మొదలుపెట్టినా తగ్గడానికి వారాలు పడుతుంది.

తిరగబెట్టే ప్రమాదం నిజమైనదే. బ్రిటన్‌లో బాగానే ఉన్నామని, మానేద్దామనుకుంటున్నామని చెప్పిన 478 మందితో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. మందు కొనసాగించినవారిలో ఏడాదిలోపు 39 శాతం మందికి డిప్రెషన్ తిరగబెడితే, మానేసినవారిలో 56 శాతం మందికి తిరగబెట్టింది. మానేసినవారిలో 44 శాతం మంది ఏడాదంతా బాగానే ఉన్నారన్నది కూడా ఆ అంకెలోనే ఉంది. ఎవరు ఏ పక్కన పడతారో ముందే చెప్పే పరీక్ష లేదు. డిప్రెషన్ పదే పదే వచ్చినవారు, గతంలో ఆత్మహత్యకు ప్రయత్నించినవారు, బైపోలార్ ఉన్నవారు, గర్భిణులు మానాలో వద్దో డాక్టర్‌తో ఇంకాస్త లోతుగా మాట్లాడాలి. అసలు 2015-16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో డిప్రెషన్ ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. మానడం కష్టమన్న భయంతో అవసరమైన మందే మొదలుపెట్టకపోతే అంతకంటే పెద్ద నష్టం.

దిగేటప్పుడు దారి జాగ్రత్తలు

మానాలనుకున్నవారు కాలం చూసుకోవాలి. పరీక్షలు, పెళ్లిపనులు, ఉద్యోగం మారే రోజులు దీనికి సరిపడవు. క్యాలెండర్ మీదో నోట్‌బుక్‌లోనో రోజుకో వరుస చాలు: ఎంత డోసు, ఎన్ని గంటల నిద్ర, ఏ ఇబ్బంది, పదికి ఎంత. రెండు వారాల రాతలు డాక్టర్‌కు చూపిస్తే తర్వాతి మెట్టు ఎప్పుడన్నది తేలికగా తేలుతుంది. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ తగ్గిస్తే నిద్రకు మేలు. మద్యం జోలికి పోకూడదు. తల తిరిగే రోజుల్లో బండి నడపకపోవడమే మంచిది. కొద్ది వారాలు తాను చిరాగ్గా ఉండొచ్చని ఇంట్లో ఒకరికైనా ముందే చెప్పుకోవాలి. భరించలేనంతగా ఉంటే కిందటి డోసుకు తిరిగి వెళ్లి, కుదుటపడ్డాక ఇంకా చిన్న మెట్లతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. డాక్టర్‌కు ఫోన్ చేసి ఈ మాట అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

కాలు నిలవనంత అశాంతి, చనిపోవాలన్న ఆలోచనలు వస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దగ్గర్లో సైకియాట్రిస్ట్ లేని ఊళ్లవారికి 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీమానస్ ఉంది. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు పేరు, డోసు, ఎన్నేళ్లుగా వాడుతున్నారు, చివరి మాత్ర ఏ రోజు వేసుకున్నారు అన్న నాలుగు వివరాలు కాగితం మీద రాసి పెట్టుకుంటే అవతలివారికి సలహా ఇవ్వడం సులువవుతుంది.