ముప్పావు సెకను పాట

పార్సిల్ విప్పగానే పుస్తకంలా కుట్టిన మందపాటి అట్ట చేతికి వస్తుంది. గ్రామఫోన్ రోజుల్లో ప్లేట్లను సెట్టుగా కట్టి అమ్మేవారే, అచ్చం ఆ తీరున. అందులో రెండు వినైల్ రికార్డులు, రెండు సీడీలు, 32 పేజీల బొమ్మలు. అన్నీ తీసి పక్కన పెట్టుకున్నాక ఇంకొకటి మిగులుతుంది. అర అంగుళం వెడల్పున్న టేపు ముక్క.

ఇంగ్లండ్ రాక్ బృందం రేడియోహెడ్ 2016లో తన తొమ్మిదో ఆల్బమ్ ‘ఎ మూన్ షేప్డ్ పూల్’ ప్రత్యేక ప్రతిలో పెట్టిన కానుక అది. స్టూడియోలో మూలుగుతున్న పాత మాస్టర్ టేపులు ఏళ్ళు గడిచేకొద్దీ పాడైపోతాయి. చెత్తకుప్ప పాలు చేయడమెందుకని కత్తిరించి కొన్నవాళ్ళకు పంచేశారు. ఒక్కో ముక్కలో సుమారు ముప్పావు సెకను శబ్దం. 2000 నాటి ‘కిడ్ ఎ’ ఆల్బమ్ మొదలుకొని ఏ కాలానిదైనా కావచ్చు. రాసిపెట్టి ఉంటే పల్లవిలో ఓ తునక, లేదంటే నిశ్శబ్దం, అదీ కాకపోతే టేపు చివర అతికించే ఉత్త రంగు పట్టీ. ఎవరి వాటాకు ఏది వస్తుందో చెప్పలేమని బృందమే ముందుగా చేతులెత్తేసింది.

ముప్పావు సెకను అంటే ‘రాగం’ అని నోటితో అనేంత సేపు. అది వినాలన్నా స్టూడియోల్లో ఉండే పెద్ద రీల్ యంత్రం కావాలి. ఇంట్లో అలాంటిది ఎవరికుంటుంది? బయటివాళ్ళకు ఇదంతా వెర్రితనంగా అనిపిస్తే తప్పులేదు. కానీ ఈ బృందం అభిమానులు ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే పని: ముక్కలు ఏరడం, అతకడం, ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో తెల్లవార్లూ వాదించుకోవడం. ఘంటసాల ప్రైవేటు పాటల రికార్డుల కోసం పాత సామాన్ల దుకాణాలు గాలించినవాళ్ళకు ఈ జబ్బు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్‌లో ఒకే బడిలో చదివిన ఐదుగురు కుర్రాళ్ళు 1985లో కట్టిన బృందం ఇది. గాయకుడు థామ్ యార్క్, అన్నదమ్ములు కాలిన్ గ్రీన్‌వుడ్, జానీ గ్రీన్‌వుడ్, గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్, డ్రమ్ములు వాయించే ఫిలిప్ సెల్వే. సాధన చేసేది శుక్రవారాల్లో కాబట్టి మొదట పెట్టుకున్న పేరు ‘ఆన్ ఎ ఫ్రైడే’. 1991లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక రికార్డుల దుకాణంలో వీళ్ళ డెమో క్యాసెట్ అమ్మకానికి పెట్టారు. దుకాణం పేరు మానిక్ హెడ్జ్‌హాగ్, క్యాసెట్‌కూ అదే పేరు నిలిచిపోయింది. ఆ ఏడాదే ఈఎంఐ కంపెనీతో ఒప్పందం కుదిరింది, ఆ తర్వాత పేరు రేడియోహెడ్‌గా మారింది. ఐదుగురిలో ఒక్కరు కూడా ఇప్పటికీ మారలేదు. రాక్ సంగీతంలో ఇది అరుదు.

వీళ్ళకు ఇంకో అలవాటుంది. పాటను స్టూడియోలో పూర్తిచేయకముందే వేదిక మీద పాడేస్తారు. తర్వాత అది నచ్చక ఏళ్ళ తరబడి పక్కన పడేస్తారు. అభిమానుల చేతికి దొరికిపోయింది అక్కడే.

ఇరవై ఏళ్ళ పాట

1995 డిసెంబరు, బ్రసెల్స్. యార్క్ గిటార్ వాయిస్తూ కొత్త పాట ఒకటి పాడాడు. పేరు ‘ట్రూ లవ్ వెయిట్స్’. సభలో ఎవరో రికార్డు చేశారు. ఆ క్యాసెట్‌కు నకలు, ఆ నకలుకు ఇంకో నకలు, అలా దేశాలు దాటింది. స్టూడియోలో మాత్రం పాట లొంగలేదు. ‘ఓకే కంప్యూటర్’ ఆల్బమ్ సమయంలో ప్రయత్నించారు, కుదరలేదు. ‘కిడ్ ఎ’ నాడూ అంతే. 2001లో కచేరీల రికార్డులో ఒంటి గిటార్‌తో పాడిన పాటను చేర్చి ఊరుకున్నారు.

2016లో కొత్త ఆల్బమ్ చేతికొచ్చింది. పాటలన్నీ ఇంగ్లిషు అక్షర క్రమంలో పేర్చి ఉన్నాయి. చిట్టచివర, టి అక్షరం కింద, అదే పాట. గిటార్ లేదు, పియానో ఉంది. బ్రసెల్స్‌లో విన్న కుర్రాడికి అప్పుడు ఇరవై ఏళ్ళనుకుంటే, స్టూడియో పాట వినేసరికి నలభై నిండాయి. యార్క్ కూడా అంతకు ముందు ఏడాదే ఇరవై మూడేళ్ళ సహచరితో విడిపోయి ఉన్నాడు. కుర్రతనంలో వేడుకోలుగా రాసుకున్న పాట, నడివయసు గొంతులో పోయినదాన్ని తలుచుకుంటున్నట్టు వినిపించింది. మాటలు మాత్రం దాదాపు అవే.

పియానో పాట గొప్పదా, గిటార్ పాట గొప్పదా అన్న తగవు అభిమానుల్లో ఇప్పటికీ తెగలేదు. కానీ అసలు ముచ్చట వేరే ఉంది. 2001 నాటి ‘ఆమ్నీసియాక్’ ఆల్బమ్‌లో ‘పల్క్/పుల్ రివాల్వింగ్ డోర్స్’ అని ఒకటుంది. యంత్రం దడదడలాడినట్టుండే ఆ ముక్కను చాలామంది దాటవేసి ముందుకు పోతారు. దాని లోపల తిరుగుతున్న కీబోర్డు చుట్టు, ‘ట్రూ లవ్ వెయిట్స్’ కోసం ఎప్పుడో చేసిన విఫల ప్రయత్నంలోది. 2021లో వచ్చిన ‘కిడ్ ఎ మ్నీసియా’ సంకలనంలో ఆ రెండింటినీ కలిపి వినిపించాక ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఎదురుచూసిన పాట పదిహేనేళ్ళుగా అందరి అలమరల్లోనే మారువేషంలో ఉందన్నమాట.

‘లిఫ్ట్’ కథ ఇంకో రకం. 1996లో అమెరికాలో గాయని అలానిస్ మోరిసెట్ కచేరీలకు ముందు వీళ్ళు పాడేవారు. ‘లిఫ్ట్’ మొదలవగానే, పేరు కూడా తెలియని కొత్త పాటకు జనం ఊగిపోయేవారు. మరుసటి ఏడు వచ్చిన ‘ఓకే కంప్యూటర్’లో ఆ పాట లేదు. ఆ పాట బయటికొస్తే తాము మరీ పెద్ద బృందమైపోతామనే భయం లోలోపల పనిచేసిందని ఓబ్రయన్ 2017లో ఒప్పుకున్నాడు. ఆ ఏడాదే, ‘ఓకే కంప్యూటర్’ ఇరవయ్యో ఏట, ‘ఐ ప్రామిస్’, ‘మ్యాన్ ఆఫ్ వార్’ పాటలతో పాటు ‘లిఫ్ట్’ను విడుదల చేశారు. అభిమానులు ఎగిరి గంతేశారా అంటే, లేదు. ఇది మన ‘లిఫ్ట్’ కాదని పెదవి విరిచినవాళ్ళే ఎక్కువ. కచేరీ టేపుల్లోని జోరు ఇందులో లేదన్నారు. ఆ మాటలో నిజముంది. అయితే ఇరవై ఏళ్ళపాటు గరగరలాడే టేపులో విన్న పాటకు సగం బలం ఆ గరగరే ఇచ్చి ఉంటుంది. శుభ్రం చేస్తే ఏ పాటైనా చిన్నబోదూ?

పద్దెనిమిది డిస్కులు, పద్దెనిమిది రోజులు

2019 జూన్‌లో ఇంటి దొంగతనమంత పని జరిగింది. ‘ఓకే కంప్యూటర్’ రోజుల్లో యార్క్ మినీడిస్కుల మీద దాచుకున్న రికార్డింగులు ఎవరో తస్కరించారు. 1,50,000 డాలర్లు ఇవ్వకపోతే బయటపెడతామన్నారని జానీ గ్రీన్‌వుడ్ వెల్లడించాడు. బృందం డబ్బూ ఇవ్వలేదు, పోలీసులూ కోర్టులూ అని గోలా పెట్టలేదు. పద్దెనిమిది డిస్కులనూ తామే అమ్మకానికి పెట్టేసింది. ధర 18 పౌండ్లు, గడువు 18 రోజులు, వచ్చిన డబ్బు పర్యావరణ ఉద్యమ సంస్థ ఎక్స్‌టింక్షన్ రెబెలియన్‌కు. దొంగ చేతిలోని సరుకు విలువ ఒక్క పూటలో గుండుసున్నా అయింది.

పదహారు గంటలకు పైగా ఉన్న ఆ రాశిలో సాధన, తప్పులు, సగంలో ఆగిన పల్లవులు, యార్క్ ఒంటరిగా కూనిరాగాలు తీయడం, అన్నీ కలగాపులగం. పాటల పేర్లు లేవు, విడగొట్టిన ట్రాకులూ లేవు. బృందం నోరు విప్పేలోపే అభిమానులు పనులు పంచుకుని కూర్చున్నారు. ఏ డిస్కులో ఎన్నో నిమిషం దగ్గర ఏ పాట మొదలవుతుందో, అది ఎప్పటిదై ఉంటుందో రాసి ఒక పెద్ద జాబితా తయారుచేశారు. పాత తాళపత్రాలకు సూచిక కట్టే పండితుల ఓపిక అది. జానీ మాత్రం ఇదంతా వినదగ్గదేమీ కాదని, చాలా పొడుగని ముందే చెప్పేశాడు. వంటవాడు తొక్కలూ తొడిమలూ తినొద్దంటే ఎంతమంది వింటారు!

అందరి సహనమూ ఒక్కలా ఉండదు. 2003లో ‘హేల్ టు ది థీఫ్’ ఆల్బమ్ విడుదలకు దాదాపు పది వారాల ముందే, ఇంకా పూర్తికాని రూపంలో బయటికి పొక్కింది. సగం ఉడికిన అన్నం వడ్డించినట్టయిందని బృందం నొచ్చుకుంది. పైగా 14 పాటలతో ఆల్బమ్ మరీ సాగిందన్న విమర్శ ఒకటి. 2008లో యార్క్ తనే కొన్ని పాటలు తీసేసి, వరుస మార్చి కొత్త జాబితా ఒకటి ప్రకటించాడు. కర్తే తన పుస్తకాన్ని దిద్దుకుంటే చదివేవాళ్ళు ఊరుకుంటారా? అప్పటినుంచి ఎవరికి తోచిన ‘హేల్ టు ది థీఫ్’ వాళ్ళు పేర్చుకుంటున్నారు.

దీనికి ముందు సంగతి ఇంకా తమాషా. 2000లో ‘కిడ్ ఎ’ రాకముందు యూరప్ కచేరీల్లో కొత్త పాటలు పాడుతూ పోయారు. బార్సిలోనా కచేరీ మర్నాటికల్లా, ఇంటర్నెట్‌లో జనం పాటలు పంచుకునే నాప్‌స్టర్‌లో ప్రత్యక్షమైంది. మూడు వారాల తర్వాత ఇజ్రాయెల్ వెళితే, విడుదల కాని పాటలను జనం మాటలతో సహా పాడేస్తున్నారు. కాలిన్‌కు అది ముచ్చటేసింది. కంపెనీలు నాప్‌స్టర్‌ను శపిస్తున్న రోజుల్లో ‘కిడ్ ఎ’ అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానం పట్టింది. 2009 ఆగస్టులో ప్రాగ్ కచేరీని అభిమానులే తలా ఒక చిన్న కెమెరాతో చిత్రించి కూర్పు చేసుకుంటుంటే, బృందం తన సొంత ఆడియో టేపులు ఇచ్చి సాయపడింది. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడం మన సినిమా ఆడియో కంపెనీల ఊహకు కూడా అందదు.

గోరంత ఆధారం, కొండంత సిద్ధాంతం

ఇన్ని దొరికేసరికి లేనివి కూడా కనబడటం మొదలైంది. 2007 అక్టోబరు 10న ‘ఇన్ రెయిన్‌బోస్’ వచ్చింది. మీకు తోచిన ధర ఇచ్చి దించుకోండని బృందం ప్రకటించడంతో లోకం డబ్బు గురించి మాట్లాడుకుంటుంటే, అభిమానులు అంకెలు లెక్కపెట్టారు. పదో నెల, పదో తేదీ, పది పాటలు. ఇంగ్లిషులో ‘ఇన్ రెయిన్‌బోస్’కు పది అక్షరాలు, పదేళ్ళ కిందటి ‘ఓకే కంప్యూటర్’కూ పదే. కాబట్టి రెండు ఆల్బమ్‌ల పాటలను ఒకటి విడిచి ఒకటి పేర్చి, మధ్యలో పది సెకన్లు ఒకదానిలో ఒకటి కలిసేలా వింటే అవి జంట పుస్తకాలని తేలుతుందట. ‘ఓకే కంప్యూటర్’లో ఉన్నవి పన్నెండు కదా అంటే, దానికీ ఒక సర్దుబాటు ఉంది. తమాషా ఏమిటంటే, అలా పేర్చి వింటే నిజంగానే బాగుంటుంది.

2011లో ‘ది కింగ్ ఆఫ్ లింబ్స్’ ఎనిమిది పాటలతో, 37 నిమిషాలకే ముగిసింది. ఇంతేనా? చివరి పాటలో ఇది ముగింపు కాదన్న ధ్వని పట్టుకుని, రెండో భాగం వస్తోందని కళ్ళు కాయలు కాచేలా చూశారు. రాలేదు.

ఇలా భంగపడ్డవాళ్ళే గట్టి ఆధారం ఒకటి కనిపెట్టారు: కంపెనీల రిజిస్టరు. బ్రిటన్‌లో ఎవరు కంపెనీ పెట్టినా ప్రభుత్వ రిజిస్టరులో నమోదు కావాలి, అది ఎవరైనా చూడొచ్చు. ‘ఇన్ రెయిన్‌బోస్’కు జర్బియా జెండ్‌లెస్ అనే కంపెనీ, ‘ది కింగ్ ఆఫ్ లింబ్స్’కు టికర్ టేప్ అనే కంపెనీ. ప్రతి ఆల్బమ్‌కూ కొత్త కంపెనీ పెట్టడం వీళ్ళ ఆనవాయితీ అని తేలింది. 2016 మొదట్లో డాన్ కోరస్ అనే కొత్త పేరు బయటపడగానే ఆల్బమ్ వస్తోందన్నారు, నాలుగు నెలల్లో వచ్చింది. ‘డాన్ కోరస్’ యార్క్ ఎప్పటినుంచో ఊరిస్తున్న పాట పేరు కూడా. ఇంకేం, ఆల్బమ్‌లో అది ఖాయమనుకున్నారు. లేదు. 2019లో యార్క్ సొంత ఆల్బమ్ ‘అనిమా’లో తేలింది. అంచనా సగమే తప్పింది, కానీ ఆ సగమే వాళ్ళకు కావలసింది.

ఆల్బమ్‌ల మధ్య ఖాళీల్లో ఐదుగురూ తలో దారి పట్టారు. వాటిలో మనకు దగ్గరది జానీ జోధ్‌పూర్ ప్రయాణం. మెహ్రాన్‌గఢ్ కోటలో ఇజ్రాయెల్ సంగీతకారుడు షై బెన్ జూర్, రాజస్థాన్ కవ్వాలీ, బ్యాండుమేళం కళాకారులతో కూర్చుని చేసిన ‘జునూన్’ 2015లో వచ్చింది. శబ్దం పట్టింది రేడియోహెడ్ ఆస్థాన నిర్మాత నైజెల్ గాడ్రిచ్, దాన్ని సినిమాగా చిత్రించింది దర్శకుడు పాల్ థామస్ ఆండర్సన్. మధ్యలో కరెంటు పోతుంది, గదిలోకి పావురాలు చొరబడతాయి, బాకాలు మళ్ళీ అందుకుంటాయి. జానీ ఓ మూల తలొంచుకుని వాయిస్తుంటాడు. చాలాసేపు వెతికితే గానీ కనబడడు.

2025 మార్చిలో రిజిస్టరులో మళ్ళీ కదలిక కనిపించింది. ఐదుగురి పేర్లతో ఆర్‌హెచ్‌ఈయూకే25. అభిమానులు అక్షరాలు విడగొట్టారు: ఆర్‌హెచ్ అంటే బృందం, ఈయూ అంటే యూరప్, చివర సంవత్సరం. ఆల్బమ్ కాదు, కచేరీలు కావచ్చని కొందరు అప్పుడే అన్నారు. సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. మాడ్రిడ్, బొలోన్యా, లండన్, కోపెన్‌హాగన్, బెర్లిన్, ఒక్కో ఊళ్ళో నాలుగేసి రాత్రులు. 2018 తర్వాత వీళ్ళు కలిసి వేదికెక్కడం అదే మొదటిసారి. ఈలోగా ఇంకో విడ్డూరం. 1996లో ఇంగ్లండ్‌లోని బాత్ దగ్గర ఓ పాత భవంతి నాట్యశాలలో, తెల్లవారుజామున మూడు గంటలకు రికార్డు చేసిన ‘లెట్ డౌన్’ అనే పాటను, అప్పటికి పుట్టని పిల్లలు టిక్‌టాక్‌లో చుట్టబెట్టి ఆగస్టులో అమెరికా తొలి వంద పాటల పట్టికలోకి ఎక్కించారు.

కచేరీల్లో పాటల వరుస ప్రతి రాత్రీ మారుతూ పోయింది. కొత్త ఆల్బమ్ కబురు మాత్రం లేదు. పాతకాపులు మళ్ళీ రిజిస్టరు తెరిచి, ఐదుగురి పేర్లు ఒక్కొక్కటే కొట్టి చూస్తున్నారు.