సంతకం పెట్టేముందు

దిల్‌సుఖ్‌నగర్ చీరల షోరూంలో పనిచేసే చెల్లెల్నో, ఎల్బీనగర్ హాస్టల్లో వార్డెన్‌గా ఉన్న బావమరిదినో ఉన్నట్టుండి మానిపిస్తే, వాళ్లు మనకే ఫోన్ చేస్తారు. "కేసు వెయ్యమంటావా అన్నా?" అని అడుగుతారు. "వదిలెయ్, కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు" అంటాం. ఆ మాట అంత తేలిగ్గా అనకూడదని ఈ వ్యాసం.

సాధారణంగా జరిగేది ఇది. ఆఫీసు గదిలోకి పిలిచి, తెల్లకాగితం ముందుపెట్టి, "వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నాను" అని రాసిమ్మంటారు. రాస్తేనే ఆగిన జీతం, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అంటారు. సంతకం పడిందా, తొలగింపు కాస్తా రాజీనామా అయిపోతుంది. బలవంతంగా రాయించుకున్నారని నిరూపించే భారం ఉద్యోగి నెత్తిన పడుతుంది. కేసు నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఆ గదిలోనే తేలిపోతుంది. అందుకే ఆ రోజు ఏమీ రాయొద్దని చెప్పండి. ఇంటికొచ్చి, నన్ను ఫలానా రోజు మానిపించారని ఆ సంస్థకే స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపమనండి. వాట్సాప్ గ్రూపులోంచి తీసేయకముందే డ్యూటీ మెసేజీలు స్క్రీన్‌షాట్ తీసుకోమనండి. అపాయింట్‌మెంట్ లెటర్ లేనివాళ్లకు అవి, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, బ్యాంకులో జీతం పడ్డ ఎంట్రీలే సాక్ష్యం.

ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టు కళ్లెదుటే ఉంది గనక చాలామంది అక్కడికే పోతారు. మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమనే కేసు వెయ్యాల్సింది అక్కడ కాదు. ముందు కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి. రాజీ కుదరక 45 రోజులు దాటితే లేబర్ కోర్టుకు నేరుగా వెళ్లొచ్చు. ఇలా నేరుగా వెళ్లే హక్కు దేశమంతటికీ 2010లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987లోనే సవరణతో తెచ్చుకుంది. మనం గర్వపడాల్సిన సంగతే. కేసు వేసే గడువు మాత్రం తగ్గింది: పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో మూడేళ్లు, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రెండేళ్లు. వకీలు ఖర్చుకు భయపడేవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు కదా, అక్కడో చిక్కుంది. ఉపాధ్యాయులు కార్మికుల కిందికి రారని 1988లో సుందరంబాళ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఫీజు రసీదులు రాసే గుమాస్తా లేబర్ కోర్టుకు వెళ్లగలడు, పై అంతస్తులో పాఠం చెప్పే లెక్చరర్ వెళ్లలేడు. ఇది అన్యాయమనే నేను నమ్ముతాను. అయితే విద్యాసంస్థల్లో అయిదేళ్లు నిండిన టీచర్లకు గ్రాట్యుటీ హక్కుంది. ఆ హక్కునిచ్చిన 2009 నాటి చట్ట సవరణను సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది.

కావలసింది ఆగిన జీతమొక్కటే అయితే కార్మిక అధికారి దగ్గర ఫిర్యాదుతో మొదలుపెట్టడం మేలు. తొలగించినా, రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో బకాయి తీర్చాలని వేతన కోడ్ అంటోంది. ఉద్యోగమే కావాలంటే దారి పొడుగు, ఏళ్లు పట్టొచ్చు. తొలగింపు అక్రమమని తేలితే ఆ మధ్యకాలపు జీతంతో సహా తిరిగి తీసుకోవడమే మామూలు నియమమని 2013లో దీపాలి గుండు కేసులో సుప్రీంకోర్టు అంది. అంతదాకా ఇల్లు గడవాలి. మనవాళ్లు పోరాడతామంటే వద్దనకుండా, ఆ నెలల అద్దె మనం పంపగలమా అని ముందు ఆలోచిద్దాం.